విత్తనం దాటి రాని చోటే దీవి: చెరువుల్లో గుర్రపు డెక్క ఎందుకు తిరిగొస్తోంది?

వరిచేలో ఒక్కసారి కలుపు తీసి ఊరుకునే రైతు శ్రీకాకుళం జిల్లాలో కనబడడు. నాట్లయిన మూడు వారాలకు ఒకసారి కలుపు తీయిస్తాడు. ఆరు వారాలకు మరోసారి, ఊద గడ్డి మరీ ఎక్కువైతే ఇంకోసారి కూలీలను పెడతాడు. అదే ఊరి చెరువు గుర్రపు డెక్కతో మూసుకుపోతే మాత్రం లెక్క మారిపోతుంది. ఒక వేసవిలో ప్రొక్లెయిన్ తెచ్చి, కలుపంతా గట్టు మీదికి తోడించి, ఫొటో తీసి, పని పూర్తయిందని రాసుకుంటారు. దసరా నాటికి చెరువు మళ్ళీ పచ్చటి దుప్పటి కప్పుకుంటుంది. పని సరిగ్గా చేయలేదని ఒకరు, ఈ మొక్కకు చావే లేదని ఇంకొకరు అంటారు. చేలో అందరికీ తెలిసిన సంగతిని చెరువు దగ్గర మరిచిపోవడమే ఇక్కడ జరుగుతున్న పొరపాటు.

సంక్షిప్తంగా: ఆక్రమణ మొక్కలను తీసేయడం పనిలో మొదటి భాగం మాత్రమే. అవి తిరిగి రాకుండా చూడటం, ఖాళీ అయిన చోట స్థానిక మొక్కలు నిలదొక్కుకునేలా చేయడం ఏళ్ళ తరబడి సాగే పని. ప్రపంచంలో ఇలాంటి పనులు ఎక్కువగా ఫలించింది దీవుల్లో. అక్కడికి బయటి విత్తనం సులువుగా రాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కూడా ఏ చెరువును, ఏ మెట్టను అలాంటి దీవిగా చూడవచ్చో ముందు తేల్చుకుంటే, ఖర్చు ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ కొట్టుకుపోతుందో తెలుస్తుంది.

పరాయి మొక్కలన్నీ శత్రువులు కావు

ఉద్దానానికి బతుకునిచ్చిన జీడిమామిడి బ్రెజిల్ మొక్క. పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. మిరప, టమాటా కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. వీటిని ఎవరూ ఆక్రమణ మొక్కలు అనరు. మనిషి నాటిన చోట ఉంటాయి, వదిలేస్తే అడవినీ చెరువునీ మింగేయవు. జీవవైవిధ్యంపై ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలకు సలహాలిచ్చే అంతర్ ప్రభుత్వ వేదిక 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనుషుల వల్ల కొత్త ప్రాంతాలకు చేరిన జాతులు 37,000కు పైగా ఉన్నాయి. వాటిలో హాని చేస్తున్నట్టు తేలినవి 3,500కు పైగా. మొక్కలను మాత్రమే తీసుకుంటే, కొత్తచోటికి చేరినవాటిలో దాదాపు 6 శాతమే ఆక్రమణకు దిగుతాయి. ఆ కొద్దిపాటి మొక్కలతోనే ప్రపంచానికి ఇంత తంటా.

ఉత్తరాంధ్రలో అందరి కంటా పడేవి నాలుగు ఉన్నాయి. నీటిలో గుర్రపు డెక్క. ఇది అమెజాన్ నదీ ప్రాంతం నుంచి, పువ్వు అందంగా ఉందని, 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చిన మొక్క. గట్ల మీద, బీళ్ళలో సర్కారు తుమ్మ. 1870ల చివర్లో వంటచెరకు కోసం, బీడు నేలలకు పచ్చదనం కోసం తెచ్చి నాటించారు. తొలినాళ్ళలో నాటిన చోట్లలో మన కడప ప్రాంతం కూడా ఉంది. కొండవాలుల్లో లంటానా. దీన్ని 19వ శతాబ్దం తొలినాళ్ళలో కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చారు. రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. ఇవన్నీ వచ్చిన దారులు వేరు. వదిలించుకునే దారులూ వేరు. అన్నిటికీ ఒకే టెండరు, ఒకే యంత్రం సరిపోతాయనుకోవడం దగ్గరే సగం డబ్బు పోతుంది.

రెట్టింపు లెక్క

డెక్క ఎందుకు తిరిగొస్తుందో అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. పోషకాలున్న నీటిలో, మన ఎండల్లో అది వారం నుంచి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నిదానంగా పెరిగిందనుకుని రెండు వారాలే తీసుకుందాం. 100 ఎకరాల చెరువులో 95 ఎకరాలు శుభ్రం చేశారు. మిగిలింది 5 ఎకరాలు. రెండు వారాలకు 10, నాలుగు వారాలకు 20, ఆరు వారాలకు 40, ఎనిమిది వారాలకు 80. పదో వారం నిండకముందే చెరువు మళ్ళీ నిండిపోతుంది.

ఇంకా కష్టపడి 99 ఎకరాలు తీశారనుకుందాం. మిగిలిన ఒక్క ఎకరం పద్నాలుగో వారానికి చెరువంతా కమ్మేస్తుంది. అంటే అదనంగా పడిన కష్టానికి దక్కింది నాలుగైదు వారాల గడువు. మూడున్నర నెలల తర్వాత చూసినవాడికి ఈ రెండు పనుల మధ్య తేడా కూడా కనబడదు. మే నెలలో ఎంత బాగా తీసినా కార్తీకంలో చెరువు ఒకేలా ఉండటానికి కారణం ఇదే.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. చెరువులో 20 ఎకరాల డెక్క ఉంటే, పెరగకుండా ఆపడానికే రెండు వారాలకోసారి 20 ఎకరాలు తీయాలి. అది యంత్రం పని. ఒక్క ఎకరమే ఉంటే రెండు వారాలకు ఒక్క ఎకరం తీస్తే చాలు. అది ఒక నాటు పడవ, కొద్దిమంది మనుషులు చేయగల పని. కలుపును ఎంత తక్కువ దగ్గర ఆపగలిగితే, ఆపి ఉంచడానికి అంత తక్కువ ఖర్చవుతుంది. పెద్ద ఖర్చు పెట్టి కిందికి దించాక, ఆ చిన్న ఖర్చు పెట్టకపోవడం వల్లే మొదటిదంతా వృథా అవుతుంది.

పైగా డెక్క పిలకలతోనే కాదు, విత్తనాలతోనూ పెరుగుతుంది. అడుగు బురదలోకి జారిన విత్తనం 15 నుంచి 20 ఏళ్ళ దాకా మొలకెత్తే శక్తితో ఉంటుంది. వేసవిలో చెరువు ఎండి బురద బయటపడి, తొలకరికి పలచటి నీరు చేరినప్పుడు ఆ విత్తనాలు లేస్తాయి. కాబట్టి ఎండిన చెరువులో డెక్క చచ్చిపోయిందని సంతోషించడం తొందరపాటు.

దీవుల్లో ఏం జరిగింది

ఆక్రమణ మొక్కల నిర్మూలనపై ప్రపంచానికి ఉన్న అనుభవంలో పెద్ద భాగం దీవుల్లో సంపాదించిందే. దీవుల్లో నష్టం ఎక్కువ, ఎందుకంటే అక్కడి జీవులు వేరే ఎక్కడా ఉండవు. గెలిచే అవకాశం కూడా అక్కడే ఎక్కువ, ఎందుకంటే చుట్టూ సముద్రం కంచె కడుతుంది.

హవాయి దీవుల వరుసలో లేసాన్ అనే చిన్న దీవి ఉంది. ముళ్ళకాయలు కాసే ఒక పరాయి గడ్డి అక్కడి స్థానిక గడ్డి దుబ్బులను తొక్కేసింది. పక్షులు గూళ్ళు పెట్టుకునేది ఆ దుబ్బుల్లోనే. 1991లో మొదలైన నిర్మూలన పదేళ్ళ పాటు సాగింది. సిబ్బంది దీవి మీదే మకాం వేసి, వెతికిన చోటే మళ్ళీ మళ్ళీ వెతికి, స్థానిక గడ్డిని తిరిగి నాటి, చివరికి ఆ పరాయి గడ్డిని వదిలించారు.

న్యూజిలాండ్‌కు చెందిన రావుల్ దీవిలో పని 1970ల నుంచి సాగుతూనే ఉంది. అక్కడ మనుషులు వరుసగా, చేతికి చెయ్యి అందేంత దూరంలో నిలబడి, అడవిలో గళ్ళు గళ్ళుగా నడుస్తూ ఒక్కో మొలకనూ వెతుకుతారు. వాళ్ళు వెతికే మొక్కల్లో మైసూర్ ముల్లు అనే తీగ ఉంది. అది మన దేశపు మొక్క. ఇక్కడ పుట్టి పెరిగిన చోట దానికి తెగుళ్ళు, పురుగులు, పశువుల నోళ్ళు ఉన్నాయి. అక్కడ అవేవీ లేవు. మొక్కలో చెడ్డతనం ఉండదు, దాన్ని అదుపులో ఉంచే బలగం లేని చోటికి చేరడంలో ఉంటుంది. గుర్రపు డెక్కకు ఇక్కడ జరిగిందీ ఇదే.

దీవి అయితే చాలు, గెలుపు ఖాయమనుకోకూడదు. గాలాపాగోస్ దీవుల్లో 30 మొక్కల నిర్మూలన ప్రాజెక్టులపై 2010లో వచ్చిన సమీక్షలో సఫలమైనవి నాలుగే అని తేలింది. మిగతావి ఆగిపోయిన కారణాలు చదివితే ఏ మండలాఫీసులోనైనా వినిపించే మాటల్లాగే ఉంటాయి. సొంత భూముల్లోకి యజమానులు రానివ్వలేదు. నిధులు మధ్యలో ఆగిపోయాయి. పై నుంచి మద్దతు లేదు. విత్తనం ఎంతకాలం బతుకుతుందో ముందు అంచనా వేయలేదు.

విస్తీర్ణం ఎంతన్నది ఇంకో కీలకం. కాలిఫోర్నియాలో జరిగిన నిర్మూలన పనులను పరిశీలించి 2002లో ఒక విశ్లేషణ వెలువడింది. దాని ప్రకారం కలుపు రెండున్నర ఎకరాలలోపు ఉన్నప్పుడు పూర్తిగా తొలగించడం సాధారణంగా సాధ్యమైంది. రెండున్నర నుంచి 250 ఎకరాల మధ్య ఉంటే మూడింట ఒక వంతు, 250 నుంచి 2,500 ఎకరాల మధ్య ఉంటే నాలుగింట ఒక వంతు మాత్రమే ఫలించాయి. అంతకు మించితే వనరులు ఎంత ఉన్నా ఆశ చాలా తక్కువ. ఈ అంకెలను మన పరిస్థితికి పెట్టి చూస్తే, పూర్తిగా నిండిన పెద్ద చెరువు మీద కోటి రూపాయలు పెట్టడం కంటే, ఎగువన ఇప్పుడిప్పుడే నాలుగు డెక్కలు కనబడిన చిన్న బంద (కుంట) మీద వేల రూపాయలు పెట్టడమే మేలు. కానీ నాలుగు డెక్కల గురించి ఎవరూ అర్జీ పెట్టరు. అక్కడే అసలు చిక్కు.

పొరుగున ఉన్న పాఠం: చిలికా

ఇచ్ఛాపురం దాటి, బరంపురం మీదుగా వెళితే రంభ దగ్గర చిలికా సరస్సు మొదలవుతుంది. అందులో నలబణ అనే దీవి ఉంది. పేరుకు రెల్లు అడవి అని అర్థం. 15.53 చదరపు కిలోమీటర్ల ఈ పక్షుల అభయారణ్యం వానాకాలంలో నీట మునిగి, చలికాలానికి మళ్ళీ తేలుతుంది.

1990ల నాటికి చిలికాను సముద్రంతో కలిపే మొగ ఇసుకతో పూడుకుపోయింది. ఉప్పునీరు లోపలికి రావడం తగ్గి, నదుల మంచినీటిదే పైచేయి అయ్యింది. దాంతో మంచినీటి కలుపు విపరీతంగా పెరిగింది. చేపల దిగుబడి పడిపోయింది. 1993లో చిలికాను ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో చేర్చారు. కలుపు కోయించి ఉంటే ఎన్నేళ్ళయినా కోయిస్తూనే ఉండేవారు. అక్కడ మూలాన్నే పట్టుకున్నారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. ఉప్పునీరు తిరిగి రావడంతో మంచినీటి కలుపు చాలాచోట్ల వెనక్కి తగ్గింది. ఏడాదికి 2,000 టన్నుల లోపుకు పడిపోయిన చేపల దిగుబడి ఒకటి రెండేళ్ళలోనే 10,000 టన్నులు దాటింది. 2002లో చిలికా ఆ ప్రమాద జాబితా నుంచి బయటపడింది.

మన మంచినీటి చెరువుల్లోకి ఉప్పునీరు వదలలేం. కానీ అక్కడ అడిగిన ప్రశ్నే ఇక్కడా అడగాలి. ఈ కలుపుకు తిండి ఎక్కడిది? పట్టణాల దగ్గరి చెరువులకు మురుగు కాలువలు, పల్లెల చెరువులకు చేల నుంచి కొట్టుకొచ్చే యూరియా, డీఏపీ. ఆ నత్రజని, భాస్వరమే డెక్కకు మేత. మురుగును మళ్ళించకుండా డెక్క తీయడం పొయ్యి కింద మంట తగ్గించకుండా పైన పొంగు ఊదినట్టే ఉంటుంది. తీసిన డెక్కను గట్టు మీదే గుట్టగా వదిలేస్తే అదీ కుళ్ళి, వానకు కారి, మళ్ళీ చెరువులోకే చేరుతుంది. దానిలో 95 శాతం నీరే కాబట్టి మోయడం ఖర్చుతో కూడిన పనే. అయినా రెండు రోజులు ఎండనిచ్చి, గట్టుకు అవతలి పక్కకు చేర్చి కంపోస్టు చేయడం పనిలో భాగంగా రాసుకోవాలి.

మన దగ్గర దీవి ఏది?

ఈ అనుభవాలన్నిటినీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు తెచ్చుకునేటప్పుడు ఒక సంగతి గమనించాలి. కలుపు సంగతిలో దీవి అంటే చుట్టూ నీళ్ళున్న నేల కాదు, బయటి నుంచి విత్తనం రాని చోటు.

వంశధార, నాగావళి మధ్యలో ఇసుక మేటలు వేసి ఏర్పడిన దిబ్బలు చూడటానికి దీవులే. కానీ ప్రతి వరదకూ ఎగువ నుంచి సర్కారు తుమ్మ కాయలు, డెక్క ముక్కలు, వయ్యారిభామ విత్తనాలు వాటి మీదికి చేరుతూనే ఉంటాయి. అక్కడ ఎంత శుభ్రం చేసినా ఒక్క వరదతో మొదటికొస్తుంది. అలాంటి చోట నిర్మూలన లక్ష్యంగా పెట్టుకుంటే నిరాశే మిగులుతుంది. ఇబ్బంది పెట్టే చోట, ఇబ్బంది పెట్టే కాలంలో అదుపు చేసుకోవడమే అక్కడ సాధ్యం.

మెట్ట మీద వాననీరు మాత్రమే చేరే, ఏ గెడ్డా వచ్చి కలవని చిన్న చెరువు నేల మధ్యలో ఉన్నా కలుపు లెక్కలో అదే దీవి. చుట్టూ పొలాలున్న ఒంటరి కొండ కూడా కొంతవరకు అంతే. గొలుసుకట్టు చెరువుల్లో ఎగువ నుంచి నీళ్ళు వచ్చే దారి లేని మొదటి చెరువు అలాంటిది. దాన్ని శుభ్రం చేస్తే అది శుభ్రంగా ఉండే అవకాశం ఉంది. తర్వాత రెండోది, ఆపైన మూడోది. కానీ దిగువ చెరువు ఊరికి దగ్గరగా, రోడ్డు పక్కన, అందరికీ కనబడుతూ ఉంటుంది కాబట్టి పని అక్కడే మొదలవుతుంది. పై చెరువు పొర్లిన మర్నాడే కిందిదానిలోకి డెక్క దిగుతుంది.

ఎగువ నుంచి కిందికి రావాలన్న ఈ సూత్రానికి దగ్గరి ఆలోచనే ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర ఇద్దరు బ్రాడ్లీ అక్కచెల్లెళ్ళు 1960ల నుంచి ఆచరించి చూపారు. బాగా ఉన్న అడవి దగ్గర మొదలుపెట్టి, పాడైన వైపుకు మెల్లగా జరగాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా కోలుకుంటే అంత వేగంగానే ముందుకు వెళ్ళాలి. దట్టమైన కలుపు మీద ముందు పడకూడదు. కంటికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది, కానీ నిలిచే పని ఇదే.

దారి వెతికేది విత్తనం ఒక్కటే కాదు. మనుషులు, యంత్రాలు దానికి వాహనాలు. అంటార్కిటికాకు దగ్గర్లోని దక్షిణ జార్జియా వంటి దీవుల్లో దిగే ముందు చెప్పుల అడుగులు తోమిస్తారు, జేబుల మడతలు దులిపిస్తారు. మన దగ్గర ఒక చెరువులో పని ముగించిన ప్రొక్లెయిన్ చక్రాల పట్టీలకు బురద అంటుకునే మరో చెరువుకు వెళుతుంది. చేపల వలలు, పడవలు, తెప్పలు అలాగే తిరుగుతాయి. పూడిక మట్టిని పొలాలకు తోలుకునేటప్పుడు ఏ చెరువు మట్టి ఏ చేలోకి వెళుతోందో ఎవరూ చూడరు. ఒక బకెట్ నీళ్ళు, ఒక చీపురుతో కడిగితే ఆగిపోయే రవాణా ఇది.

మేకలు, పశువులు ఇంకో దారి. సర్కారు తుమ్మ కాయ తియ్యగా ఉంటుంది. తిన్న మేక పేడలో విత్తనం పాడవకుండా బయటికొచ్చి, ఎరువుతో సహా నాటుకుంటుంది. కాయలు రాలే కాలంలో తుమ్మల్లో మేసిన మందను, కొత్తగా శుభ్రం చేసిన గట్టు మీదికి వెంటనే తోలకుండా కొన్ని రోజులు ఆపగలిగితే చాలా మేలు. ఇది మందల కాపరులతో కూర్చుని మాట్లాడుకుంటే తప్ప, బోర్డు పెడితే జరగదు.

పర్యవేక్షణ అంటే కొలత

ఇంత తెలిసినా పని ఎందుకు చెడుతుంది? పర్యవేక్షణ దేన్ని కొలుస్తోందన్న దాన్ని బట్టి. టన్నుల లెక్కన బిల్లు ఇస్తే బరువైన, దట్టమైన చోట్ల పని జరుగుతుంది. అంచుల్లోని చిన్న డెక్కను ఎవరూ ముట్టుకోరు. ఎకరాల లెక్కన ఇస్తే పైపైన కోసి ముందుకు సాగుతారు. సర్కారు తుమ్మను నేలమట్టానికి నరికితే ఎకరం శుభ్రమైనట్టే కనబడుతుంది. కానీ దాని చిగురు మొగ్గలు నేల కింద, మొదలు దగ్గరే ఉంటాయి. ఒక్క వాన పడగానే ఒక్క మాను ఉన్న చోట పది కొమ్మలు లేస్తాయి. జానెడు లోతు తవ్వి, ఆ మొగ్గలుండే భాగాన్ని కూడా తీస్తేనే అది చస్తుంది. లంటానాకూ అంతే. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సి.ఆర్.బాబు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ప్రధాన వేరును మట్టి కింద నరికి, పొదను తలకిందులుగా పెట్టి ఎండనిస్తారు. ఈ తేడా పని జరుగుతున్నప్పుడు దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తుంది, బిల్లు కాగితంలో కనబడదు.

దీవుల్లో పని చూసేవారి నోటుపుస్తకంలో ప్రధానంగా ఉండేది తీసిన బరువు కాదు. ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ గడిలో వెతికారు. ఎన్ని పెద్ద మొక్కలు, ఎన్ని మొలకలు, ఎన్ని పూతకొచ్చినవి దొరికాయి. గంటలు తగ్గకుండా దొరికే మొక్కలు తగ్గుతూ వస్తే పని సరైన దారిలో ఉన్నట్టు. గంటలు తగ్గడం వల్ల మొక్కలు తక్కువ దొరికితే అది గెలుపు కాదు. పూతకొచ్చిన మొక్క ఒక్కటి కనబడినా ఆ గడికి ముందుసారి ఎవరూ సరిగా వెళ్ళలేదనే అర్థం. అసలు ఏమీ దొరకని ఏడాది తర్వాత కూడా విత్తనం బతికి ఉండేంత కాలం వెతకాలి.

ఉపాధి పనుల్లో మేట్లకు, వేతనదారులకు ఈ పద్ధతి నేర్పడం కష్టమేమీ కాదు. వేతనదారుల్లో చాలామంది కలుపు తీతలో ఆరితేరిన మహిళలు. చిన్న ఊద మొలకను వరి నుంచి వేరు చేయగల కళ్ళకు, చెరువు అంచున డెక్క మొలకను పట్టుకోవడం ఎంత సేపు? వారి నేర్పును లెక్కలోకి తీసుకోని పనిపద్ధతే లోపం.

ఇంకో లోపం క్యాలెండరుది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. బిల్లుల టెన్షన్‌తో పని ఫిబ్రవరి, మార్చిలో జోరందుకుంటుంది. డెక్క మొలకెత్తేది జూన్, జూలైలో. అప్పటికి పాత పని మూసేసి ఉంటారు, కొత్తది మంజూరై ఉండదు. మొక్కకు మన బడ్జెట్ తెలియదు కాబట్టి బడ్జెట్టే మొక్కను చూసి సర్దుకోవాలి. తొలి తొలగింపుతో పాటే కనీసం తర్వాతి మూడేళ్ళ తిరుగు పనికి డబ్బు విడిగా పెట్టకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే నయం.

తీసిన చోట ఏం నిలుస్తుంది?

తొలగింపు వల్ల ఖాళీ ఏర్పడుతుంది. ఖాళీని ఎవరో ఒకరు ఆక్రమిస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలి నేలంతా ఎండకు తెరుచుకుంది. అలా నీడ పోయిన నేలలో ముందు లేచేవి ఎండను ఇష్టపడి వేగంగా పెరిగే ఇలాంటి కలుపు జాతులే. యంత్రంతో గట్టు గీకేసినప్పుడు కూడా చిన్న ఎత్తున అదే జరుగుతుంది. కవిటి, ఇచ్ఛాపురం వైపు కాలువ గట్లను పట్టుకుని ఉండే మొగలి పొదలు, తాటి, ఈత, గట్టు వాలులో తుంగ, లోతులేని చోట తామర, కలువ తిరిగి నిలబడేదాకా పని సగంలోనే ఉన్నట్టు లెక్క.

మారిషస్ అనుభవం ఇక్కడ తలుచుకోవాలి. 19వ శతాబ్దంలో మన తీరం నుంచి కూలీలుగా వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ ఉన్న దేశం అది. దాని ఒడ్డున 65 ఎకరాల చిన్న దీవి ఇల్ ఓ ఎగ్రెట్. అక్కడ పరాయి మొక్కలను చేత్తో పీకి, స్థానిక మొక్కలు నాటుతూ వచ్చారు. అయినా నల్లచేవ మాను, అంటే మన తునికి చెట్టుకు దాయాది, తల్లి చెట్టు కిందే తప్ప దూరంగా మొలకెత్తలేదు. దాని పండు తిని విత్తనం మోసే పెద్ద తాబేళ్ళు ఏనాడో అంతరించాయి. 2000లో సీషెల్స్‌కు చెందిన అల్డాబ్రా తాబేళ్ళను తెచ్చి వదిలాక ఆ మానులు దూరదూరంగా మొలిచాయి. మన చెట్లకు విత్తనం మోసేది పిగిలిపిట్టలు, గోరింకలు, నక్కలు, పునుగులు. నేరేడు, ఈత, మర్రి వాటి పొట్టల్లోంచే నాటుకుంటాయి. చిక్కేమిటంటే అవే పిట్టలు లంటానా పండ్లూ తింటాయి. అందుకే లంటానా తీసిన చోట, పిట్టలు వాలే ప్రతి చెట్టు కిందా మరుసటి వానాకాలం మొలకల కోసం వెతకాలి.

పక్షుల సంగతిలో తొందరపడితే మంచి పని చెడ్డదవుతుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, శీతాకాలమంతా ఉండి గూళ్ళు పెడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు జూన్‌లో వచ్చి, ఊళ్ళోని చింతచెట్ల మీద పిల్లలను పెంచి, నవంబరు తర్వాత వెళ్ళిపోతాయి. అవి వస్తే వానలు కురుస్తాయని ఊరివారి నమ్మకం. గూడబాతు చేపను పట్టాలంటే తెరిచిన నీరు కావాలి. డెక్క కప్పేసిన చెరువు దానికి పనికిరాదు. అయితే గుంటూరు దగ్గర ఉప్పలపాడులో పక్షులు గూళ్ళు కట్టుకున్నది చెరువు మధ్య సర్కారు తుమ్మల మీదే. పరాయి చెట్టు కదా అని రాత్రికి రాత్రి నరికేస్తే గూళ్ళు పోతాయి, పక్షులు వేరే ఊరు వెతుక్కుంటాయి. ముందు నల్లతుమ్మ, గానుగ వంటివి నాటి, అవి గూటిని మోసేంత ఎదిగాక, సర్కారు తుమ్మలను విడతలుగా తీయాలి. దానికి పదేళ్ళు పట్టొచ్చు. డెక్క మీద నడిచి పురుగులేరుకునే నీటికోళ్ళ కోసం కూడా చెరువంతా ఒకేసారి గీకకుండా భాగాలుగా తీయడం మంచిది.

తుమ్మ కట్టెలు, బొగ్గుల మీద బతికే పేద కుటుంబాలూ ఈ లెక్కలో ఉన్నాయి. ఆక్రమణ మొక్కయినా వాళ్ళ పొయ్యిలోకి కట్టె అదే. తీసేసే పనిలో మొదటి కూలీ, కట్టె మీద మొదటి హక్కు వారికి ఇవ్వడం న్యాయం.

మందు, పురుగు

కలుపు మందు కొట్టేస్తే సరిపోదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. మందుకు చచ్చిన డెక్క ఒక్కసారిగా కుళ్ళి నీటిలో ఆక్సిజన్ తగ్గించేస్తుంది, చేపలు తేలిపోతాయి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని కేంద్రం 2022 అక్టోబరులో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. కిడ్నీ జబ్బుల కారణం తేలక నీటినీ మందులనూ అనుమానంగా చూస్తూ బతుకుతున్న ఉద్దానం ప్రజల చెరువుల్లో మందు మాట ఎత్తకపోవడమే మర్యాద.

డెక్కను తినే ముక్కుపురుగులను 1980ల తొలినాళ్ళలో మన దేశానికి తెచ్చారు. ఏడాది పొడవునా నీరుండే పెద్ద జలాశయాల్లో, ఏళ్ళ తరబడి ఓపిక పడితే అవి పనిచేస్తాయి. ఏటా ఎండిపోయే మన చెరువుల్లో డెక్కతో పాటే పురుగూ పోతుంది. కొంతమేరకే సాయం, అంతకు మించి ఆశించకూడదు.

తొలకరిలో చూడాల్సింది

పెద్ద డెక్కను ఎవరైనా గుర్తుపడతారు, ఉబ్బిన కాడ, గుండ్రటి ఆకు, ఊదా పువ్వు. విత్తనం నుంచి లేచిన మొలక అలా ఉండదు. మొదటి ఆకులు సన్నగా, పట్టీల్లా ఉంటాయి, కాడకు ఉబ్బు రాదు. బురదలో వేరూని ఉంటుంది. గడ్డి పరక అనుకుని దాటిపోతారు. నీరు పెరిగి వేరు ఊడి తేలిందంటే పిలకలు వేయడం మొదలుపెడుతుంది. ఇక రెట్టింపు లెక్క నడుస్తుంది. చెరువులో నీరు మదుము (తూము) మట్టానికి చేరకముందు, అంచు వెంబడి బురదలో, ఆ రెండు మూడు వారాలే దాన్ని చేత్తో పీకగలిగే గడువు. మార్చిలో పని ముగించిన చెరువుకు జూన్ చివర ఒకసారి, జూలైలో మరోసారి కొద్దిమంది వేతనదారులను పంపి, ఆ మొలకను ముందుగా వారి చేతిలో పెట్టి చూపించి, గట్టు చుట్టూ తిప్పించడానికి అయ్యే కూలీ, ప్రొక్లెయిన్ ఒక్కరోజు అద్దె కంటే ఎక్కువ కాదు.